నా కోపానికి పాప భయపడుతోంది.. కౌన్సెలింగ్‌తో మార్పు వస్తుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 36 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అమెరికా క్లయింట్ కావడంతో సాయంత్రం ఆరున్నర నుంచి రాత్రి ఒంటిగంట, రెండింటి దాకా కాల్స్ ఉంటాయి. పడుకునేసరికి మూడవుతుంది. ఏడింటికి లేచి పాపను స్కూల్ బస్ ఎక్కించాలి. ఏడాదిగా చీటికిమాటికి చిరాకు. నా భార్య ఏం అడిగినా కస్సుమంటున్నాను. పోయిన నెలలో అన్నం తింటుండగా మాటామాటా పెరిగి ప్లేటు గోడకేసి కొట్టాను. అప్పటి నుంచి మా ఆరేళ్ల పాప నా గదిలోకి వచ్చే ముందు ‘నాన్న మూడ్ బాగుందా?’ అని వాళ్లమ్మను అడుగుతోంది. వారాంతంలో మూడు నాలుగు పెగ్గులు తాగుతాను. నిద్ర కోసం తెలిసిన మెడికల్ షాపులో ఆల్ప్రాజొలామ్ తెచ్చుకుని మూడు నెలలుగా రోజూ వేసుకుంటున్నాను. కౌన్సెలింగ్‌కి వెళ్దామని నా భార్య అంటోంది. మా అమ్మ మాత్రం ‘మొగుడూ పెళ్లాల గొడవలు ఏ ఇంట్లో లేవు? ఎర్రగడ్డకు వెళ్లేంత పిచ్చి నీకేం పట్టింది?’ అంటోంది. అలవాట్లు మార్చుకుంటే సరిపోదా? థెరపీలో అసలేం చేస్తారు? మందులు మొదలుపెడితే జీవితాంతం వాడాలా? – ఓ పాఠకుడు, నిజాంపేట

జవాబు: ముందు ఆ ఆల్ప్రాజొలామ్ సంగతి చెప్పాలి. మీరడిగిన మిగతా విషయాలు వారం ఆగినా ఫర్వాలేదు, ఇది ఆగదు. ఈ మాత్ర, మద్యం రెండూ మెదడు పనిని, శ్వాసను నెమ్మదింపజేసేవే. శనివారం రాత్రి నాలుగు పెగ్గులు తాగి ఆపైన మాత్ర వేసుకుని పడుకుంటే నిద్రలోనే శ్వాస ప్రమాదకరంగా మందగించవచ్చు. మీరు మాత్ర రోజూ వేసుకుంటున్నారు కాబట్టి ఇవాళ్టి నుంచి మద్యం ముట్టుకోవద్దు. అలాగని భయపడి మాత్రను ఒక్కసారిగా ఆపేయకండి. మూడు నెలలు రోజూ వాడాక ఉన్నపళంగా మానేస్తే వణుకు, గుండెదడ, అసలు నిద్రపట్టకపోవడం, కొందరిలో ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టర్ చూసి మోతాదు కొద్దికొద్దిగా, కొన్ని వారాల పాటు తగ్గించుకుంటూ వస్తారు. చీటీ లేకుండా ఇచ్చే షాపుకు మాత్రం మళ్లీ వెళ్లకండి.

ఇక మీ కోపం గురించి. కుంగుబాటు అనగానే మూలన కూర్చుని ఏడ్చే మనిషే అందరికీ గుర్తొస్తాడు. మగవాళ్లలో అది చాలాసార్లు అలా కనిపించదు. చిరాకు, అసహనం, చిన్నమాటకే విరుచుకుపడటం, తాగుడు పెరగడం, ఇంట్లో ఉన్నా ఎవరితోనూ కలవకపోవడం.. ఇలా బయటపడుతుంది. ‘మా ఆయనకు కోపమెక్కువ’ అని ఇల్లంతా ఏళ్ల తరబడి సర్దుకుపోతుంది తప్ప అది జబ్బు కావచ్చని ఎవరికీ తట్టదు. మిమ్మల్ని మీరు ఒకటి అడిగి చూసుకోండి. గడిచిన రెండు వారాల్లో ఎక్కువ రోజులు, ఇదివరకు ఇష్టంగా చేసిన పనుల మీద కూడా ఆసక్తి లేకుండా గడిచాయా? ఒంట్లో సత్తువ లేనట్టు, దేనికీ పనికిరానివాడిననే భావన, పనిమీద ధ్యాస నిలవకపోవడం ఉన్నాయా? ఇలాంటి తొమ్మిది ప్రశ్నలతో పీహెచ్‌క్యూ-9 అనే చిన్న ప్రశ్నావళి ఉంది. మొత్తం 27 మార్కుల్లో 10 గానీ అంతకు మించి గానీ వస్తే తప్పనిసరిగా డాక్టర్‌ను కలవాలి. ఉత్తరం చూసి నేను జబ్బు పేరు చెప్పను, చెప్పకూడదు కూడా. కానీ మీరు రాసిన తీరు చూస్తే ఇది ఉత్త కోపం కాదనే నా అనుమానం.

శరీరం వైపు నుంచి కూడా చూడాలి. థైరాయిడ్ తేడాలు, బీ12 లోపం, రక్తహీనత, షుగర్.. ఇవన్నీ నీరసం, చిరాకు తెచ్చిపెడతాయి. ఒక రక్తపరీక్షతో తేలిపోతాయి. మీరు గట్టిగా గురక పెడతారా, నిద్రలో ఊపిరి ఆగినట్టు అవుతుందా అని మీ ఆవిడను అడగండి. ఔనంటే స్లీప్ ఆప్నియా పరీక్ష కూడా అవసరమవుతుంది.

అలవాట్లు మార్చుకుంటే సరిపోదా అని అడిగారు. మీ విషయంలో అలవాట్లలో పెద్దది నిద్రే. పెద్దవాళ్లకు రోజుకు కనీసం ఏడు గంటలు కావాలి, మీకు దొరుకుతున్నది నాలుగు. నిద్ర తక్కువైన మెదడులో కోపాన్ని, భయాన్ని రేపే భాగం చిన్నదానికే ఎగసిపడుతుంది. దాన్ని అదుపు చేయాల్సిన ముందు భాగం నీరసించి ఉంటుంది. రాత్రి సరిగ్గా నిద్రపోయినవాడికి మామూలుగా వినిపించే మాటే మీకు దెప్పినట్టు వినిపిస్తుంది. మద్యం తాగితే తొందరగా నిద్రపడుతుంది, నిజమే. కానీ తెల్లవారుజాము నిద్రను అది ముక్కలు చేస్తుంది, మర్నాడు చిరాకు పెంచుతుంది.

మీ షిఫ్ట్ ఎలాగూ వెంటనే మారదు కాబట్టి ఉన్నదాంట్లోనే సర్దుకుందాం. రెండున్నరకు పడుకుని తొమ్మిదిన్నరకు లేవడం మీ లక్ష్యం. సెలవు రోజుల్లో కూడా లేచే వేళ దాదాపు అదే ఉండాలి. అలాగైతే పాపను బస్ ఎవరు ఎక్కించాలి? అమ్మగారు గానీ, మీ ఆవిడ గానీ ఎక్కించాలి. బదులుగా మధ్యాహ్నం బస్ దగ్గరికి వెళ్లి తీసుకురావడం, అన్నం పెట్టడం మీ పని. ఈ ఒక్క మార్పును ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. నా అంచనాలో మీ ఇంటికి ఇది పది సలహాల కన్నా ఎక్కువ మేలు చేస్తుంది. కాఫీ, టీల ప్రభావం ఒంట్లో సగానికి తగ్గడానికే ఐదారు గంటలు పడుతుంది. కాబట్టి రాత్రి ఏడెనిమిది తర్వాత కాల్స్ మధ్యలో కాఫీ వద్దు. చివరి కాల్ అయ్యాక వెంటనే మంచం ఎక్కకుండా అరగంట లైట్లు తగ్గించి, ఫోన్ పక్కన పెట్టి కూర్చోండి. పడుకున్నాక ఇరవై నిమిషాలకీ నిద్రపట్టకపోతే అటూఇటూ దొర్లకండి. లేచి వేరే గదిలో కూర్చుని, కళ్లు మూతలు పడుతున్నప్పుడే తిరిగి రండి. గదికి దళసరి కర్టెన్లు వేయించండి. వ్యాయామానికి జిమ్ అక్కర్లేదు. సాయంత్రం కాల్స్ మొదలయ్యే ముందు అరగంట చురుగ్గా నడవండి. వారంలో ఐదు రోజులు నడిస్తే డబ్ల్యూహెచ్ఓ చెప్పే 150 నిమిషాలు అవుతాయి. పాపను వెంట తీసుకెళ్తే మరీ మంచిది.

ఇవి చేస్తే చిరాకు కొంత తగ్గుతుంది. కానీ ప్లేటు గోడకు తగిలే దాకా వచ్చిన ఇంట్లో ఇవి మాత్రమే చాలవని నా గట్టి అభిప్రాయం. మూడు వారాలు బాగా గడిచి, నాలుగో వారం ప్రాజెక్టు డెడ్‌లైన్ వస్తే మళ్లీ మొదటికొస్తారు. ఆ క్షణంలో ఏం చేయాలో నేర్పేది థెరపీ.

థెరపీ అంటే సోఫాలో పడుకోబెట్టి చిన్ననాటి సంగతులు తవ్వడం, లేదా ‘కోపం తగ్గించుకో బాబూ’ అని నీతులు చెప్పడం అనుకుంటారు చాలామంది. నిజానికి అలా ఉండదు. ఎక్కువగా వాడే పద్ధతి సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ), అంటే మన ఆలోచనలను, ప్రవర్తనను గమనించి మార్చుకోవడం నేర్పేది. దీన్ని 1960లలో ఆరన్ బెక్ అనే అమెరికా సైకియాట్రిస్ట్ రూపొందించారు. సాధారణంగా వారానికోసారి 45, 50 నిమిషాలు కూర్చుంటారు. చాలామందికి ఎనిమిది నుంచి పన్నెండు సార్లు సరిపోతుంది, కొందరికి ఇంకొంచెం ఎక్కువ కావాలి. ప్రతిసారీ ఇంటికి హోంవర్క్ ఉంటుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. రాత్రి ఎనిమిదింటికి రెండు కాల్స్ మధ్య మీరు బయటికి వచ్చారు. మీ ఆవిడ ‘కరెంటు బిల్లు కట్టారా?’ అని అడిగింది. మీరు అరిచారు. థెరపిస్ట్ దీన్ని కాగితం మీద నాలుగు గళ్లుగా రాయిస్తారు. జరిగిందేమిటి? బిల్లు గురించి అడిగింది. అప్పుడు మీ మనసులో మెదిలిన మాటేమిటి? ‘నేను ఇంటికేమీ చేయడం లేదని అంటోంది.’ ఒంట్లో ఏమైంది? మెడ వేడెక్కింది, దవడ బిగిసింది. ఏం చేశారు? అరిచారు. మీకు ఇన్నాళ్లూ మొదటి గడి, నాలుగో గడి మాత్రమే కనిపించాయి. మధ్యలోని రెండూ పది పదిహేను సంఘటనలు రాశాక కనిపించడం మొదలవుతుంది. ఆవిడ అడిగింది బిల్లు గురించే, నిందించలేదు. నింద మీ తలలోనే పుట్టింది. దవడ బిగుసుకోవడం మీకు ముందస్తు హెచ్చరిక అని తెలిశాక, అరవడానికి ముందు ఆగడానికి కొన్ని సెకన్లు దొరుకుతాయి. సాధన చేసేది ఆ కొన్ని సెకన్ల కోసమే.

దంపతులిద్దరూ కలిసి వెళ్లే సెషన్లు వేరు. అక్కడ ఎవరిది తప్పో తేల్చరు, ఆ భయం మీ ఆవిడకూ వద్దు, మీకూ వద్దు. దంపతుల గొడవలను దశాబ్దాలుగా పరిశోధించిన జాన్ గాట్‌మన్ అనే అమెరికా మనస్తత్వవేత్త, బంధాన్ని దెబ్బతీసేవిగా నాలుగింటిని చెప్పారు: మనిషినే తప్పుపట్టడం, చులకన చేయడం, ప్రతిదానికీ ఎదురు సమర్థించుకోవడం, గోడలా మూగబోవడం. వీటిలో చులకన అన్నిటికన్నా ప్రమాదమని ఆయన తేల్చారు. ఆయన చెప్పిన మరో సంగతి మీకు బాగా పనికొస్తుంది. గొడవలో గుండె వేగం బాగా పెరిగినప్పుడు ఎదుటివాళ్ల మాట బుర్రకెక్కదు. శరీరం చల్లబడటానికి కనీసం ఇరవై నిమిషాలు కావాలి. అందుకే ఇద్దరూ ముందే ఒక ఒప్పందానికి రండి. ఎవరైనా ‘ఇప్పుడు ఆపుదాం, అరగంటలో మాట్లాడదాం’ అంటే రెండోవారు వెంటపడకూడదు. ఆ అరగంటలో బాల్కనీలో నడవండి, పీల్చిన దానికన్నా నిదానంగా ఊపిరి వదలండి. గొడవను మనసులో మళ్లీ మళ్లీ తిప్పుకోవద్దు. అరగంట కాగానే, ఆపినవాళ్లే వచ్చి మాట కలపాలి. మన ఇళ్లలో మగవాళ్లు రెండు మూడు రోజులు మాట్లాడకుండా తిరిగి దాన్ని ‘కూల్ అవడం’ అనుకుంటారు. భార్యకు అది శిక్షలా ఉంటుంది.

పాప విషయంలో థెరపీ దాకా ఆగనక్కర్లేదు. ఆరేళ్ల పిల్లలు అమ్మానాన్నల గొడవకు తామే కారణమనుకుంటారు. ‘నాన్న మూడ్ బాగుందా’ అని పాప అడుగుతోందంటే, మీ ముఖం చూసి తను ఎలా మసలుకోవాలో నేర్చుకుంటోందన్నమాట. ఆ వయసులో పిల్లలు మోయాల్సిన బరువు కాదది. పాప ఎత్తుకు కిందికి వంగి కూర్చుని చెప్పండి: ‘ఆ రోజు నాన్న ప్లేటు విసిరాడు కదా, అది నాన్న తప్పు. నీది కాదు, అమ్మది కాదు. కోపం తగ్గించుకోవడానికి నాన్న డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాడు.’ చాక్లెట్లు, బొమ్మలతో సరిపెట్టకండి. ఇది చెప్పాక పాప వెంటనే దగ్గరికి రాకపోవచ్చు, నొచ్చుకోకండి. రోజులు గడిచేకొద్దీ మీరు మారడం చూస్తేనే నమ్ముతుంది.

మందులు కావాలా వద్దా అన్నది పరీక్షించాకే తేలుతుంది. తేలికపాటి కుంగుబాటుకు చాలాసార్లు థెరపీ ఒక్కటే చాలు, తీవ్రత ఎక్కువైతే రెండూ కావాలి. కుంగుబాటుకు ఇచ్చే మందులు ఆల్ప్రాజొలామ్ లాంటివి కావు, వాటికి బానిసలవరు. పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తి గుణానికి ఇంకాస్త సమయం పడుతుంది. మొదటి వారంలో వికారం, తలనొప్పి ఉండొచ్చు. మొదటిసారి వచ్చిన కుంగుబాటైతే, బాగయ్యాక కూడా మరో ఆరు నుంచి తొమ్మిది నెలలు కొనసాగించి, మెల్లగా తగ్గించి ఆపేస్తాం. జీవితాంతం అక్కర్లేదు. కొన్ని మందులతో లైంగికాసక్తి తగ్గవచ్చు. చాలామంది మగవాళ్లు అది చెప్పుకోలేక మందే మానేస్తారు, దాంతో ఇంట్లో కొత్త దూరం మొదలవుతుంది. డాక్టర్‌కు చెప్పండి, మందు మార్చే వీలుంటుంది.

ఎవరి దగ్గరికి వెళ్లాలి? మాత్ర తగ్గించాలి కాబట్టి మొదట సైకియాట్రిస్ట్. థెరపీకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఆర్‌సీఐ)లో నమోదైన క్లినికల్ సైకాలజిస్ట్. ఎవరైనా కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకోవచ్చు, అందుకే నమోదు నంబరు అడగడానికి మొహమాటపడకండి. మీ కంపెనీలో ఉద్యోగులకు ఉచిత కౌన్సెలింగ్ ఉందేమో హెచ్ఆర్ పోర్టల్‌లో చూడండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలి. అమ్మగారికి నా మాటగా చెప్పండి: ఎర్రగడ్డ ఆసుపత్రి ఓపీకి నిద్రపట్టనివాళ్లు, టెన్షన్ పడేవాళ్లు, తాగుడు మానాలనుకునేవాళ్లు కూడా వస్తారు. అక్కడికి వెళ్లినంత మాత్రాన ఎవరూ పిచ్చివాళ్లు కారు. ఆవిడ పూజ చేయించుకోమంటే చేయించుకోండి, చికిత్సకు అదేమీ అడ్డు కాదు.

చనిపోవాలనే ఆలోచన వచ్చినా, కోపంలో చెయ్యి లేస్తుందేమోనని అనిపించినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. చెయ్యి లేచిన రోజున దంపతుల కౌన్సెలింగ్ కన్నా ముందు మీ ఆవిడ, పాపల భద్రత ముఖ్యం. ఆవిడకు మహిళా హెల్ప్‌లైన్ 181 నంబరు తెలిసి ఉండాలి. ఈ ఉత్తరం ఆవిడ కూడా చదివితే బాగుంటుంది.

ఈ వారంలోనే అపాయింట్‌మెంట్ తీసుకోండి. వెళ్లేటప్పుడు ఆల్ప్రాజొలామ్ ఖాళీ స్ట్రిప్ తీసుకెళ్లండి, మోతాదు దానిమీద ఉంటుంది. ఇవాళ్టి నుంచి పడుకున్న వేళ, లేచిన వేళ, తాగిన కాఫీలు ఒక పుస్తకంలో రాస్తూ ఉండండి. మొదటిసారి మీ ఆవిడను వెంట తీసుకెళ్లండి. ఇంట్లో మీరెలా ఉంటున్నారో డాక్టర్‌కు మీకన్నా ఆవిడే బాగా చెప్పగలుగుతారు.