గాడ్‌ఫాదర్ కంటే ముందు ఈ రెండూ చదవండి

ఇటలీ నుంచి అమెరికా వలస వెళ్లిన కుటుంబాల జీవితం తెలియాలంటే మారియో పూజో రాసిన మాఫియా నవల గాడ్‌ఫాదర్ చదివితే సరిపోతుందా అని అడిగారు. సరిపోదు. పైగా అది ముందు చదివితే మిగతావి మనసుకి ఎక్కవు.

న్యూజెర్సీలో మేం అద్దెకున్న ఇంటావిడ ఇటాలియన్ల ఆడపడుచు. డెబ్బై దాటాయి. వాళ్ల నాన్న అబ్రుజో ప్రాంతం నుంచి వచ్చిన తాపీ మేస్త్రీ. ఏటా ఆగస్టు చివర్లో బేస్‌మెంట్‌లో టమాటా సాస్ పెట్టేది. మన ఇళ్లలో ఆవకాయ పెట్టినట్టే, ఇంట్లో ఉన్నవాళ్లంతా చెయ్యి వేయాల్సిందే. ఉడికిన టమాటాలు మిషన్లో పోసి పిడి తిప్పితే తొక్కా గింజలూ ఒక పక్కకి, గుజ్జు ఇంకో పక్కకి. సీసాకి రెండు బేసిల్ ఆకులు. ఆ రోజు సాయానికి వచ్చిన మా ఫ్రెండ్ ఒకడు ‘మీ చుట్టాల్లో మాఫియా వాళ్లెవరైనా ఉన్నారా?’ అని నవ్వుతూ అడిగాడు. ఆవిడ పిడి తిప్పడం ఆపేసి, ‘మాఫియా అయితే మా నాన్న అరవై ఏళ్లొచ్చాక కూడా ఇటుకలు మోసేవాడా?’ అంది. సిమెంట్ తిని ఆయన వేళ్లు ఎలా పగిలేవో, రాత్రుళ్లు వాళ్లమ్మ ఆలివ్ నూనె రాస్తుంటే ఎలా మూలిగేవాడో చెప్పింది.

ఇటాలియన్లంటే మాఫియా అని సరదాగా అనేసే ఆ మాటకి ప్రాణాలు పోయాయి. 1891లో న్యూ ఆర్లీన్స్‌లో పోలీస్ చీఫ్ హత్య కేసు విచారణలో జ్యూరీ ఎవరినీ దోషిగా తేల్చలేదు. మర్నాడే మూక జైలు మీద పడి 11 మంది ఇటాలియన్లను చంపేసింది.

మేస్త్రీల బతుకు కావాలంటే పియెత్రో ది దొనాతో ‘క్రైస్ట్ ఇన్ కాంక్రీట్’ చదవండి. 1939 నాటిది. రచయిత మూలాలూ అబ్రుజోలోనే. 1923 గుడ్ ఫ్రైడే నాడు కడుతున్న భవనం కూలి వాళ్ల నాన్న పోయాడు. పన్నెండేళ్లు నిండీ నిండని పిల్లాడు తాపీ పట్టి ఇంటిల్లిపాదినీ సాకాడు. మాది మహబూబ్‌నగర్. పాలమూరు అనగానే ‘లేబరా?’ అనే మాట విని పెరిగినవాణ్ని కాబట్టి ఆ నవల నాకు పరాయిదనిపించలేదు. మన సినిమాలూ అంతే, ఏళ్ల తరబడి తెలంగాణ యాసని విలన్లకీ కమెడియన్లకీ అంటగట్టాయి.

రెండోది పూజో రాసిందే, ‘ది ఫార్చ్యునేట్ పిల్‌గ్రిమ్’. గాడ్‌ఫాదర్ కంటే ముందు, వాళ్లమ్మని మనసులో పెట్టుకుని రాశాడు. విమర్శకులు మెచ్చుకున్నారు, జనం కొనలేదు. అప్పులు తీర్చుకోవడానికి రాసిన గాడ్‌ఫాదర్ 1969లో వచ్చింది. అసలు గ్యాంగ్‌స్టర్‌ని ఎప్పుడూ కలవలేదని ఆయనే ఒప్పుకున్నాడు. అందులోని మాఫియా పెద్ద డాన్ నోరు విప్పినప్పుడల్లా తనకి అమ్మ గొంతే వినపడేదనీ చెప్పాడు. నన్నడిగితే డాన్ కార్లియోనిలో ఉన్న బలమంతా ఆ తల్లిదే. ఆ బలానికే సూటు తొడిగి చుట్టూ తుపాకులు పెట్టేసరికి లోకం ఎగబడింది. ముందు ఆవిడని చదవండి.