‘తణ్ణి ఇవ్వు’ అన్నాడంటే తికమక పడ్డాడనా?

ప్రశ్న: మా బాబుకి రెండేళ్ల మూడు నెలలు. నాది తెలుగు, మా వారిది తమిళం. వాడు ‘తణ్ణి ఇవ్వు’ అంటూ రెండూ కలిపేస్తాడు. తెలుగు మాటలు పాతిక కూడా లేవు. రెండు భాషలతో పిల్లాణ్ణి తికమక పెడుతున్నామని మాతో ఉండే అత్తగారి ఫిర్యాదు. ప్లేస్కూల్ వాళ్లేమో ఇంట్లో ఇంగ్లిషే మాట్లాడమన్నారు. రెండు నెలలుగా అదే చేస్తున్నాం. వాడు ఇంకా తగ్గిపోయాడనిపిస్తోంది. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: నీళ్లకు నాన్న మాట తీసుకున్నాడు, అడగడానికి మీ మాట తీసుకున్నాడు, రెంటినీ సరైన వరుసలో పెట్టాడు. తికమక పడ్డవాడు చేసే పనా ఇది? రెండు భాషల ఇళ్లలో పిల్లలు ఏ మాట ముందు నోటికొస్తే అది వాడేస్తారు.

మీ లెక్కలోనే పొరపాటుంది. తెలుగు మాటలే లెక్కపెట్టారు. ఓ వారం పాటు మీరిద్దరూ వాడు అనే మాటలన్నీ ఒకే కాగితం మీద రాయండి. ‘నీళ్లు’, ‘తణ్ణి’ రెండూ అంటే రెండుగానే వేసుకోండి. రెండేళ్లకు రెండు భాషల్లో కలిపి యాభై దాకా మాటలు, రెండేసి మాటలు కలపడం ఉన్నాయా అని నిపుణులు చూస్తారు. కలపడం మీవాడికి వచ్చేసింది.

పిల్లలతో ఇలాగే మాట్లాడాలన్న రూలేమీ లేదు. పాపువా న్యూగినీలోని కలులి తెగ తల్లులు పసివాళ్లతో ముద్దుమాటలాడరని 1984లో పరిశోధకులు ఎలినార్ ఆక్స్, బాంబి షీఫలిన్ రాశారు. మెక్సికోలోని ట్సెల్టల్ మాయా పిల్లలతో పెద్దలు నేరుగా మాట్లాడేది తక్కువే. అయినా ఏడాది ప్రాయానికి అటూ ఇటూగా తొలిమాటలు వాళ్లకీ వస్తాయి. చుట్టూ మనుషులు తమ భాషలో ధారాళంగా మాట్లాడుకుంటూ ఉంటారు మరి. వీడియోలతో అది రాదు. 2003లో పరిశోధకురాలు ప్యాట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలకు చైనీస్ వినిపించింది. మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడితే ఆ ధ్వనుల్ని పట్టుకున్నారు, టీవీలో చూపిస్తే పట్టుకోలేదు.

ఇప్పుడు నిజం చెప్పండి. స్నానం చేయిస్తూ తెలుగులో మీరు వాగే వాగుడంతా ఇంగ్లిష్‌లో వస్తోందా? ‘కమ్’, ‘ఈట్’, ‘నో’ దగ్గరే ఆగిపోతోందా? నాకు రెండోదే అనుమానం. ఈ రోజు నుంచే తెలుగులోకి వచ్చేయండి. బడిలో ఇంగ్లిష్ బడిలో నేర్చుకుంటాడు.

వినికిడి పరీక్ష మాత్రం వాయిదా వేయకండి. ఉన్న మాటలు తగ్గినట్టే ఉన్నా, లెక్క యాభైకి బాగా తక్కువొచ్చినా స్పీచ్ థెరపిస్ట్‌కి చూపించండి, ఆ కాగితం పట్టుకెళ్లండి.

అత్తగారితో వాదన దేనికి? రోజూ పడుకునే ముందు మనవడికి తమిళంలో ఒక కథ చెప్పమనండి.