ఫ్యాన్ దాకా కరెంట్ నిజంగా వస్తోందా? ముందు అది తేల్చుకోండి

ప్రశ్న: నమస్తే అండీ. మేం టెక్సాస్‌లో ఉంటాం, ఈమధ్యే ఒక సెకండ్ హ్యాండ్ ట్రావెల్ ట్రైలర్ (బండి వెనక తగిలించుకుని లాక్కెళ్ళే చిన్న ఇల్లు) కొన్నాం. స్టవ్ దగ్గర రూఫ్‌లో ఉన్న వెంట్ ఫ్యాన్ మొదట్లో బానే తిరిగేది, తర్వాత ఒక్కోసారి ఆగిపోయి గతుకు రోడ్డు మీద వెళ్ళొచ్చాక మళ్ళీ పనిచేసేది, ఇప్పుడు అసలు కదలట్లేదు. లైట్లు, వాటర్ పంపు అన్నీ ఓకే. ప్యానెల్‌లో ఫ్యూజ్ తీసి చూశా, పోలేదు. ఫ్యాన్ వైర్లు విప్పి మీటర్ పెడితే 12.6 వోల్టులు చూపిస్తోంది. రిపేర్ షాపులో అడిగితే "కరెంట్ వస్తోంది కదా, అంటే ఫ్యానే పోయింది, మొత్తం మార్చాలి" అన్నారు, ఖర్చు మూడొందల డాలర్లు దాటేట్టుంది. మార్చేయమంటారా? ఇంకోటి, క్యాంప్‌గ్రౌండ్‌లో పవర్‌కి ప్లగ్ పెట్టినా ఇంతే, ఎందుకని?
– డల్లాస్ దగ్గర్నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఇప్పుడే మార్చకండి అండీ. మీరు చెప్పినదాంట్లో అసలు విషయం గతుకు రోడ్డు. వచ్చి పోయి, వచ్చి పోయి చివరికి ఆగిపోయింది అంటే నేను ముందు అనుమానించేది లూజ్ కనెక్షన్‌నే, మోటార్‌ని కాదు. మరి 12.6 వస్తోంది కదా అంటే, వైర్లు విప్పి కొలిచినప్పుడు ఆ నంబర్‌ని నమ్మడానికి లేదు. మీటర్ తాగే కరెంట్ దాదాపు ఏమీ ఉండదు, అందుకే జాయింట్ మొత్తం ఊడిపోయి ఒక్క సన్నటి పోగు అంటుకుని ఉన్నా సరే ఫుల్ వోల్టేజ్ చూపిస్తుంది. ఫ్యాన్ హై స్పీడ్‌లో రెండు మూడు ఆంపియర్లు లాగుతుంది, ఆ లోడ్ పడగానే అదే వైర్ మీద వోల్టేజ్ నాలుక్కో అయిదుకో పడిపోతుంది, మోటార్ కదలదు.

అందుకని లోడ్ పెట్టి కొలవాలి. దీనికి తేలికైన పద్ధతి, ఆటో పార్ట్స్ షాపులో 1156 అని అడిగితే కార్ బ్యాకప్ లైట్ బల్బ్ ఇస్తారు, పాతకాలం ఫిలమెంట్ రకమే కావాలి, ఎల్ఈడీ వద్దు. అది రెండు ఆంపియర్ల పైన తీసుకుంటుంది, అంటే మీ ఫ్యాన్ ఎంత తాగుతుందో ఇంచుమించు అంతే. ఫ్యాన్‌కి కరెంట్ తెచ్చే వైర్లకి ఆ బల్బ్ కలిపి, అది వెలుగుతుండగా మీటర్ పెట్టి చూడండి. దేదీప్యంగా వెలిగి 12కి పైన చూపిస్తే లైన్ బాగుంది, అప్పుడు ఫ్యాన్ లోపల వెతకాలి. గుడ్డిగా వెలిగితే, లేదా అసలు వెలగకపోతే, మీరు కొత్త ఫ్యాన్ బిగించినా అది కూడా తిరగదు, ఆ డబ్బులు వృథా. బల్బ్ బాగా వేడెక్కుతుంది, సీలింగ్‌కి గానీ ప్లాస్టిక్‌కి గానీ తగలనివ్వకండి.

ఇక్కడ వైర్ రంగుల దగ్గర జాగ్రత్త. కార్‌లో నలుపు అంటే నెగటివ్ అని అలవాటు మనకి, కానీ అమెరికాలో చాలా ట్రైలర్లలో 12 వోల్ట్ లైన్‌లో తెలుపు నెగటివ్, నలుపు పాజిటివ్. పైగా 120 వోల్ట్ లైన్‌లో కూడా నలుపు, తెలుపే ఉంటాయి. అందుకే రంగు చూసి ఊహించొద్దు, మీటర్‌తో తేల్చుకున్నాకే చెయ్యి పెట్టండి. తారుమారుగా కలిపితే మామూలు ఫ్యాన్ ఉల్టా తిరుగుతుంది, అదే సర్క్యూట్ బోర్డ్ ఉన్న మోడల్ అయితే బోర్డే పోవచ్చు.

లైన్‌లోనే లోపం అని తేలితే అది పాజిటివ్ వైపా నెగటివ్ వైపా చూడాలి. బల్బ్ వెలుగుతుండగానే బ్యాటరీ నెగటివ్ నుంచి ఒక పొడుగు వైర్ లాక్కొచ్చి, మీటర్ ఒక కాలు దానికి, రెండో కాలు ఫ్యాన్ దగ్గరి పాజిటివ్ వైర్‌కి పెట్టండి. 12 చిల్లర వస్తే పాజిటివ్ బాగుంది, తప్పు నెగటివ్ వైర్‌లో ఉంది. తక్కువ వస్తే తప్పు పాజిటివ్ లైన్‌లో. చాలామంది పాజిటివ్ ఒక్కటే చూసి వదిలేస్తారు, నెగటివ్ జాయింట్ ఊడినా ఫ్యాన్ ఆగిపోతుంది అని మర్చిపోతారు. లైట్లు పనిచేస్తున్నాయి కాబట్టి బ్యాటరీ నుంచి ప్యానెల్ దాకా చూడక్కర్లేదు, ఫ్యాన్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ ఫ్రేమ్ విప్పితే దాని వెనకే జాయింట్లు ఉంటాయి. ఇవి ఇంట్లో వైరింగ్‌కి వాడే ట్విస్ట్ క్యాప్స్ అయితే ట్రైలర్ కుదుపులకి మెల్లగా వదులైపోతాయి. ప్యానెల్‌లో ఆ ఫ్యూజ్ తీసేసి, పాత చివర కత్తిరించి, కొత్తగా క్రింప్ కనెక్టర్ (పట్టకారుతో నొక్కి బిగించేది) వేసి, ఒకసారి గట్టిగా లాగి చూడండి. మెలిపెట్టి టేప్ చుట్టడం మాత్రం వద్దు, మళ్ళీ నాలుగు రోజులకి అదే కథ.

ఇక బల్బ్ బాగా వెలిగింది అనుకోండి. అప్పుడు కూడా వెంటనే మోటార్ మీదకి పోవద్దు, చాలా మోడల్స్‌లో ఫ్యాన్ మీదే ఇంకో చిన్న ఫ్యూజ్ ఉంటుంది, ప్యానెల్ ఫ్యూజ్ ఒక్కటే చూసి బానే ఉంది అనుకుంటాం. పోయినది ఎంత ఆంపియర్లో అంతే వెయ్యాలి, పెద్దది వేస్తే వైర్ కాలుతుంది, సీలింగ్‌లో చెక్క ఉంటుంది అండీ, ఆట కాదు. కొన్నిటిలో మూత కొన్ని అంగుళాలు పైకి లేస్తే గానీ స్విచ్ మోటార్‌కి కరెంట్ వదలదు. థర్మోస్టాట్ ఉంటే లోపల చల్లగా ఉన్నప్పుడు తిరగదు, దాన్ని బాగా తగ్గించి చూడండి. వీటన్నిటికీ లొంగకపోతే అప్పుడు మోటార్ వైర్లు విడదీసి 12 వోల్టులు డైరెక్ట్‌గా, మధ్యలో ఫ్యూజ్ పెట్టి ఇవ్వండి. తిరిగితే మోటార్ బంగారం, స్విచ్చో బోర్డో చూసుకోవాలి. చేత్తో రెక్క తోస్తే అందుకుని తిరుగుతుంది అంటే మోటార్ లోపల కరెంట్ అందించే కార్బన్ బ్రష్‌లు అరిగాయి. మోటార్ తిరుగుతూ రెక్కలు ఆగిపోతుంటే షాఫ్ట్ మీద స్క్రూ వదులైంది, అంతే. చాలా ఫ్యాన్లకి మోటార్ విడిగా దొరుకుతుంది కాబట్టి అది పోయినా రూఫ్ మీద సీలెంట్ పీకి మొత్తం యూనిట్ మార్చే అవసరం ఉండకపోవచ్చు.

ప్లగ్ సంగతి: ఈ ఫ్యాన్ ఎప్పుడూ నడిచేది 12 వోల్ట్ డీసీ మీదే. ప్లగ్ పెడితే వచ్చే 120 వోల్టులని కన్వర్టర్ 12కి మార్చి అదే ప్యానెల్‌కి, అవే వైర్లకి ఇస్తుంది, జాయింట్ ఊడి ఉంటే కరెంట్ ఎటు నుంచి వచ్చినా అక్కడే ఆగుతుంది.

ప్రశ్న: మా ఆర్వీలో (ఇల్లులా వాడుకునే బండి) వెంట్ ఫ్యాన్ తిరుగుతుంది కానీ పోపు పెడితే పొగ పోదు, పైగా బాత్రూమ్ నుంచి వాసన వస్తోంది.
– ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: ఫ్యాన్ బాగానే ఉందమ్మా, గాలికి దారి లేదు. అన్ని కిటికీలూ మూసి ఫ్యాన్ వేస్తే బయటకి పంపాల్సిన గాలిని అది ఎక్కడ సందు దొరికితే అక్కణ్ణుంచి లాగుతుంది, టాయిలెట్ సీల్ ఎండిపోయినా, ఫ్లష్ నొక్కినా కింద ట్యాంక్ వాసనంతా లోపలికి వస్తుంది. స్టవ్‌కి అవతలి వైపు ఒక్క కిటికీ తెరవండి, బాత్రూమ్ తలుపు మూసెయ్యండి, టాయిలెట్ గిన్నెలో కాసిని నీళ్ళు నిలిచి ఉండేట్టు చూసుకోండి. గ్యాస్ స్టవ్ వెలిగినంతసేపూ ఆ కిటికీ తెరిచే ఉండాలి, ఇది ప్రాణాలకి సంబంధించింది, చలి అని మూయొద్దు. తర్వాత దోమతెర విప్పి చూడండి, మన పోపులకి, వేపుళ్ళకి నూనె జిడ్డు పట్టి దుమ్ముతో మూసుకుపోయి ఉంటుంది, గోరువెచ్చటి నీళ్ళలో గిన్నెల సబ్బుతో కడిగి ఆరబెట్టి పెట్టండి. రెక్కలు కూడా తడిగుడ్డతో తుడవండి, స్విచ్ ఆపి, ఫ్యూజ్ తీశాకే.

ప్రశ్న: వాన లేకపోయినా వెంట్ మూత దానంతటదే మూసుకుంటోంది, పొద్దున్నే ఎక్కువ.
– ఓహాయో నుంచి

జవాబు: వాన పడితే మూత మూసే రెయిన్ సెన్సర్ మీద తెల్లవారుజామున మంచు తడి చేరుతోంది. తడి తగిలితే అది వానే అనుకుంటుంది. మెత్తటి గుడ్డతో సెన్సర్ తుడిచి ఆరనివ్వండి, మట్టి పట్టి ఉంటే మధ్యాహ్నం కూడా ఇలాగే చేస్తుంది. శుభ్రం చేసి పూర్తిగా ఆరాక కూడా మూసుకుంటుంటే సెన్సర్ మార్చాలి.