గుండు కింద తీగ చుట్టు

ప్రశ్న: టీవీలో ఉత్తర ఐరోపాకు చెందిన వైకింగుల బంగారు నగలు చూపించారు. ఓడల్లో వెళ్లి ఊళ్లు దోచుకున్నవాళ్లు అంత నాజూకు పని చేయగలరా? అవి కూడా దోచుకొచ్చినవేనా? మా వారిది వెండి తీగ పని, అందుకే అడుగుతున్నా.
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: అమ్మా, బంగారం దోపిడీలో వచ్చిందో వ్యాపారంలో వచ్చిందో, కరిగించాక ఎవరూ చెప్పలేరు. పని మాత్రం వాళ్లదే. నలభై ఏళ్లు కుంపటి ముందు కూర్చున్నవాడిగా ఆ మాట గట్టిగా చెబుతున్నా.

బాల్టిక్ సముద్రంలో జర్మనీకి చెందిన హిడెన్‌సే అనే దీవి ఉంది. 1872లో పెద్ద తుఫాను వచ్చాక, రెండేళ్లలో అక్కడ 16 బంగారు నగలు బయటపడ్డాయి. ఒక కంటె, బట్టకు పెట్టుకునే గుండ్రటి బిళ్ల ఒకటి, మిగతావి లాకెట్లు. అన్నీ కలిపి దాదాపు 600 గ్రాములు, పదో శతాబ్దపువి. సరిగ్గా ఇలాంటి లాకెట్లకు వాడే కంచు అచ్చులు హెడెబీ రేవు నీళ్లలో దొరికాయి, ఒకే సంచిలో సుమారు 40. హెడెబీ అప్పట్లో వైకింగుల డెన్మార్క్ రాజ్యంలోని వ్యాపార పట్టణం. ఆ సంచి పోగొట్టుకున్న పనివాణ్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

అచ్చు మీద పల్చటి రేకు పెట్టి నొక్కితే బొమ్మ ఉబ్బుగా తేలుతుంది. ఆ గీతల వెంట పూసలు గుచ్చినట్టుండే తీగ అతికేవారు. నున్నటి తీగను గాడి ఉన్న పనిముట్టు కింద దొర్లిస్తే అలా పూసలు పడతాయి. ఆ పైన సన్న గుండ్లు. బంగారం ముక్కల్ని బొగ్గుపొడిలో కాలిస్తే కరిగి వాటంతటవే గుండ్రమవుతాయని మీ వారికి తెలిసే ఉంటుంది. నన్ను కట్టిపడేసింది ఆ తర్వాతి పని. గుండును నేరుగా రేకు మీద అతికించరు. సన్న తీగతో చిన్న చుట్టు చేసి, అందులో కూర్చోబెడతారు. గుండు దొర్లదు, కాస్త ఎత్తున నిలబడి మెరుస్తుంది.

అతుకు వేసేటప్పుడే అసలు టెన్షన్. రేకు వేడెక్కేలోపే సన్న తీగ కరిగిపోవచ్చు. పదహారేళ్లప్పుడు ఊదుగొట్టం ఒక్క క్షణం ఎక్కువ ఊది, మా నాన్న రెండు రోజుల పనిని ముద్ద చేశాను. ఆయన ఏమీ అనలేదు. ముద్దను పక్కన పెట్టి, మళ్లీ తీగ తీయడం మొదలుపెట్టారు.

డెన్మార్క్‌లో 1892లో దొరికిన వైకింగుల బంగారు నగలు, హోర్నెలుండ్ బిళ్లలు, కోపెన్‌హేగన్ నేషనల్ మ్యూజియంలో ఉన్నాయి. వాటి ఫొటో పెద్దది చేసి మీ వారికి చూపించండి. తీగ చివర్లు ఎక్కడ కలిశాయో వెతకమనండి.