కదలని కారుకు మాటిమాటికీ కొత్త బ్యాటరీ ఎందుకు?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. స్కూలు మాస్టారుగా రిటైరయ్యాను. ఏటా సంక్రాంతి కాగానే నేనూ మా ఆవిడా బెంగళూరులో అబ్బాయి దగ్గరికి వెళ్లి, రథయాత్రకు తిరిగొస్తాం. వచ్చేసరికి కారు సెల్ఫ్ తీసుకోదు. పక్కింటి కుర్రాడికి తాళం ఇచ్చి వారానికోసారి 5 నిమిషాలు స్టార్ట్ చేయిస్తున్నా ఇదే వరస. 5 ఏళ్లలో 3 బ్యాటరీలు మార్చాను. పాతది ఇచ్చేయగా ఒక్కోదానికి 5,000 అయింది. 3,200 పెట్టి చార్జర్ కొనమని షాపువాళ్లు, కారే అమ్మేయమని మావాడు. 2 లక్షలకు అడుగుతున్నారు. ఇన్సూరెన్స్, సర్వీసింగ్ కలిపి ఏడాదికి 15,000 అవుతోంది. మేం లేని 5 నెలలకు ఇన్సూరెన్స్ ఆపుకోవచ్చా? మా ఆవిడకు గుండె జబ్బు, ఊళ్లో ఉన్నప్పుడు రెండు నెలలకోసారి విశాఖ తీసుకెళ్లాలి. కారులో మావాడు పెట్టించిన జీపీఎస్ ట్రాకర్ కూడా ఉంది.

జవాబు: మాస్టారూ, బ్యాటరీ కోసమైతే కారు అమ్మకండి. అమ్మాలో వద్దో తేల్చే లెక్క వేరే ఉంది, దానికి తర్వాత వస్తాను. ముందు 3 బ్యాటరీలకు పెట్టిన మీ 15,000 ఎటు పోయాయో చూద్దాం.

తాళం వేసి వెళ్లిపోయినా కారు పూర్తిగా నిద్రపోదు. గడియారం, అలారం, సెంట్రల్ లాక్, లోపలి కంప్యూటర్ బ్యాటరీని కొంచెం కొంచెంగా తాగుతూనే ఉంటాయి. 30 మిల్లీ ఆంపియర్లే అనుకుందాం. రోజుకు 0.72 ఆంపియర్ అవర్లు (బ్యాటరీలో నిల్వను కొలిచే లెక్క ఇది), నెలకు 21 పైన. చిన్న కార్లలో ఉండే 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీకి అది సగం కన్నా ఎక్కువ. దానికి తోడు మీ ట్రాకర్ రాత్రీపగలూ పనిచేస్తోంది. ఈ లెక్కన ఉగాది రాకముందే మీ బ్యాటరీ ఖాళీ. అలా ఖాళీగా పడి ఉన్న రోజుల్లోనే అసలు నష్టం జరుగుతుంది. లోపలి పలకల మీద సల్ఫేటు గట్టిపడిపోతుంది, ఆ తర్వాత ఎంత చార్జింగ్ పెట్టినా మునుపటి సత్తువ రాదు. పైగా వాడకుండా దిగిపోయిన బ్యాటరీకి వారంటీ మామూలుగా వర్తించదు. వారంటీ తయారీ లోపాలకే.

కుర్రాడి 5 నిమిషాల సంగతి కాస్త కఠినంగానే చెప్పాలి. ఆ పని మేలు చేయదు, కీడే ఎక్కువ. స్టార్ట్ చేసినప్పుడు బ్యాటరీ ఒక్కసారిగా చాలా కరెంటు ఇస్తుంది. నిలబడ్డ బండి ఇంజిన్ మెల్లగా తిరుగుతూ 5 నిమిషాల్లో వారం నాటి బాకీ తీర్చలేదు. ఇంజిన్ సరిగ్గా వేడెక్కదు కాబట్టి సైలెన్సర్లో నీటి చెమ్మ కూడా మిగిలిపోతుంది. రోడ్డు మీద ఓ అరగంట, ముప్పావుగంట నడిపితేనే ప్రయోజనం. అలా నడపమని చెప్పే ముందు అతనికి లైసెన్సు ఉందో లేదో చూడండి. లైసెన్సు లేనివాడి చేతిలో ప్రమాదం జరిగితే మీ సొంత బండి క్లెయిము పోతుంది, ఎదుటివారి నష్టపరిహారం కూడా మీ మెడకే చుట్టుకోవచ్చు. 5,000 బ్యాటరీని కాపాడబోయి లక్షల బాధ్యత నెత్తికెత్తుకున్నట్టవుతుంది.

మీకు సరిపడే మందు ఒక 10 నంబరు స్పానర్. బయల్దేరే రెండు రోజుల ముందు బ్యాటరీని షాపులో నిండా చార్జింగ్ పెట్టించండి. మూతలున్న రకమైతే డిస్టిల్డ్ వాటర్ మట్టం చూడమనండి, కుళాయి నీళ్లు మాత్రం పోయనివ్వకండి. బయల్దేరే రోజు మైనస్ వైరు విప్పేయండి. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. ప్లస్ మీద ఉన్న స్పానర్ బండి ఇనుముకు తగిలితే నిప్పులు లేస్తాయి, అందుకే ఈ వరస. ట్రాకర్ కూడా ఆగిపోతుంది కనుక ఒక స్టీరింగ్ లాక్ వేయండి.

వైరు విప్పినా బ్యాటరీ తనంతట తాను నెలకు ఓ 5 శాతం దాకా దిగుతుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆ వేగం సుమారు రెట్టింపు. మన వేసవిలో 5 నెలలంటే తక్కువ కాదు. అందుకే ఆ కుర్రాడి సాయం వేరేలా వాడుకోండి. ఉగాది వెళ్లాక ఒకసారి బ్యాటరీని షాపుకు తీసుకెళ్లి, మీటరు పెట్టి చూడమనండి. 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.4 కన్నా దిగితే చార్జింగ్ పెట్టించాలి. బ్యాటరీని పూర్తిగా విప్పి చల్లని గదిలో పెట్టుకున్నా మంచిదే. నేల మీద పెడితే దిగిపోతుందనే మాట ఇప్పటి ప్లాస్టిక్ డబ్బాలకు వర్తించదు.

చార్జర్ చెడ్డ వస్తువు కాదు. నిండగానే తనే తగ్గించుకునే స్మార్ట్ రకం సగటున 5 వాట్లు తీసుకున్నా నెలకు 3.6 యూనిట్లే, 20 రూపాయలు దాటదు. అయితే మనుషులు లేని ఇంట్లో 5 నెలలు ప్లగ్గు ఆన్‌లో ఉంచడం నాకు ఇష్టం లేదు. ఆ 3,200 మీ దగ్గరే ఉంచుకోండి.

ఇన్సూరెన్స్ మాత్రం ఆపకండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను గజపతి జిల్లాను ఏం చేసిందో మీరు కళ్లారా చూశారు. షెడ్డులో ఉన్న కారు మీద చెట్టు పడితే సొంత నష్టం పాలసీ ఉంటేనే డబ్బొస్తుంది. పాలసీ గడువు ముగిసి 90 రోజులు దాటితే నో క్లెయిమ్ బోనస్ పోతుంది. వరుసగా 5 ఏళ్లు క్లెయిము లేకపోతే సొంత నష్టం ప్రీమియంలో 50 శాతం తగ్గింపు, అది మళ్లీ మొదటి నుంచి కూడబెట్టుకోవాలి. నిజంగా ప్రీమియం తగ్గాలంటే, నడిపిన కిలోమీటర్లను బట్టి కట్టే సదుపాయానికి 2022లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ అనుమతిచ్చింది. ఈసారి రెన్యువల్ అప్పుడు దాని గురించి అడగండి.

ఇక అమ్మకం. 2 లక్షలు 7 శాతానికి డిపాజిట్ చేస్తే ఏడాదికి 14,000. మరో ఏడాదికి కారు ధర 25,000 తగ్గుతుందనుకుందాం. ఇన్సూరెన్స్, సర్వీసింగ్‌ల 15,000 కలిపితే 54,000. బ్యాటరీల ఖర్చు ఇందులో కలపలేదు, అది ఏడాదికి 3,000 మాత్రమే. ఊళ్లో ఉండే 7 నెలల్లో విశాఖకు నాలుగు ట్రిప్పులు, టాక్సీకి ఒక్కోసారి 6,000 వేసినా 24,000. కాగితం మీద మీ అబ్బాయి మాటే నెగ్గుతుంది.

అయినా నేను వెంటనే అమ్మమనను. ఆయాసమనో, నీరసమనో అమ్మగారిని పొద్దుపోయాక పాతపట్నం మీదుగా శ్రీకాకుళం తీసుకెళ్లాల్సి వస్తే, ఆ వేళకు టాక్సీ దొరుకుతుందా? మీరు ధైర్యంగా నడపగలరా? మొదటిదానికి లేదని, రెండోదానికి అవునని జవాబొస్తే ఆ 30,000 తేడా భరించదగ్గదే. రాత్రి డ్రైవింగ్ మానేసి ఉంటే అమ్మేసి, 2 లక్షలూ ఆమె వైద్యం పేర విడిగా డిపాజిట్ చేయండి. గుండెనొప్పి అయితే మాత్రం కారు ఉన్నా లేకపోయినా ముందు 108కే ఫోన్ చేయండి.

అన్నట్టు, ఆ స్పానర్ డిక్కీలో పెట్టి వెళ్లకండి. బ్యాటరీ విప్పాక కొన్ని కార్లకు డిక్కీ తెరుచుకోదు. డోరు కూడా రిమోట్‌తో రాదు, మామూలు తాళంచెవి బెంగళూరు మోసుకుపోకుండా కుర్రాడి ఇంట్లో ఇచ్చి వెళ్లండి.