శివరాత్రి లోపు బఠానీ

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

పోయినేడు సంక్రాంతి వెళ్లాక మిద్దె మీద బఠానీ వేశానని, పూత బాగానే వచ్చినా ఒక్క కాయ నిలవలేదని రాశావు. నీ చేతిలో తప్పేమీ లేదమ్మా, తేదీలో ఉంది. బఠానీ చలి పంట. పగటి ఎండ ముప్పై డిగ్రీలు దాటిందంటే పూత రాలుతుంది, నిలిచిన కాయలో గింజ ఊరదు. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందంటారు కదా, ఆలోపు నీ కోతలు పూర్తయిపోవాలి. అక్కణ్ణుంచి వెనక్కి లెక్క వేసుకో.

హైదరాబాదులో అక్టోబర్ 20 నుంచి నవంబర్ 15 లోపు గింజ నేలలో పడాలి. అంతకన్నా ముందు వేస్తే మట్టిలో వేడి తగ్గదు, పైగా తుపాను వానలకి గింజ కుళ్లిపోతుంది. ఆర్కెల్ రకం తెచ్చుకో. పొట్టి మొక్క, 55-60 రోజులకే మొదటి కోతకి వస్తుంది. బోన్‌విల్ రుచిలో తీసిపోదు గానీ 85 రోజులు పడుతుంది కాబట్టి దాన్ని అక్టోబర్‌లోనే వేయాలి. బూడిద తెగులు భయం ఎక్కువుంటే బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వారి అర్కా అజిత్ ఉంది, అది ఆ తెగుల్ని తట్టుకుంటుంది. ఇదీ ఆలస్యంగా వచ్చే రకమే. విజయవాడలో మీ తమ్ముడికి మాత్రం ఆర్కెల్ ఒక్కటే చెప్పు, అదీ నవంబర్ మొదట్లో. అక్కడ రాత్రుళ్లు సరిగ్గా చల్లబడవు, కాపు తక్కువే ఉంటుంది. అరకు, పాడేరు వైపు వాళ్లకి ఈ బెంగ లేదు.

కిరాణా కొట్లో దొరికే ఎండు బఠానీలు నాటకు. మొలుస్తాయి, కాయలూ వస్తాయి, కానీ అవి పప్పు కోసం పెంచే రకాలు, పచ్చిగా తింటే తీపి ఉండదు. ఆర్కెల్ గింజ ముడతలు పడి ఉంటుంది, పుచ్చిందనుకుని పారేసేవు! ఆ ముడతలోనే ఉంది తీపి. ఆ రకాల్లో చక్కెర పూర్తిగా పిండి పదార్థంగా మారదు. పచ్చి గింజ నీరు ఎక్కువ పట్టి ఉంటుంది, ఎండేటప్పుడు ఆ నీరు పోయి తోలు ముడుచుకుంటుంది. జన్యుశాస్త్రానికి ఆద్యుడైన మెండెల్ 1866లో అచ్చు వేయించిన వ్యాసంలో లెక్కపెట్టిన గుండ్రటి గింజలు, ముడతల గింజలు ఇవే. ప్యాకెట్‌లో గింజలు గులాబీ రంగులో ఉంటే వాటికి తెగులు మందు పూశారని అర్థం. వాటిని తినకూడదు, పక్షులకి వేయకూడదు, ముట్టుకున్నాక చేతులు కడుక్కోవాలి.

నలుగురికి ఒక కూరకి సరిపడా కావాలంటే కనీసం నలభై మొక్కలుండాలి. ఆర్కెల్ మొక్కకి పది కాయల చొప్పున వేసుకున్నా మొత్తం రెండు కిలోల కాయలు, మూడు నాలుగు కోతల్లో వస్తాయి. ఒలిస్తే అందులో సగానికి కాస్త తక్కువే గింజ. ఆరు మొక్కలు వేసి కూర రాలేదనుకోవడం దండగ. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు మడిలో అడుగు ఎడంతో రెండు సాళ్లు పడతాయి. గింజకీ గింజకీ ఆరు సెంటీమీటర్లు వదిలితే నలభై సరిపోతాయి. గ్రో బ్యాగులైతే పన్నెండు అంగుళాలవి ఏడు, ఒక్కోదాంట్లో ఆరు. బ్యాగుల్ని సిమెంటు నేల మీద నేరుగా పెట్టకు, కింద ఇటుకలు పేర్చు. పడమటి గోడ పక్కన కాకుండా పొద్దుటి ఎండ బాగా తగిలేచోట పెట్టు. ఆరు గంటల ఎండ ఉండాలి.

ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు, కొబ్బరి పొట్టు ఒక పాలు, బ్యాగుకి గుప్పెడు వేపపిండి. అంతే. యూరియా జోలికి పోకు, పచ్చి పేడ అసలే వద్దు. నత్రజని ఎక్కువైతే ఆకు దట్టంగా పెరిగి పూత ఆలస్యమవుతుంది, మనకేమో ఆలస్యానికి వ్యవధి లేదు. వేళ్లలోని బుడిపెలు గాలిలోంచి నత్రజని తెచ్చి పెడతాయి. ఆ బుడిపెలు కట్టించే సూక్ష్మజీవి రైజోబియం దొరికితే కలుపు, కానీ బఠానీకి తగినదే అడుగు, వేరుశనగది పనికిరాదు. చల్లారిన బెల్లం పాకంలో కలిపి గింజకి పట్టించి, నీడలో ఆరబెట్టి, అదే రోజు నాటాలి. మందు పూసిన గింజకి కలిపితే ఆ మందుకి సూక్ష్మజీవులు చచ్చిపోతాయి.

గింజల్ని సాయంత్రం నానేసి పొద్దున్నే నాటు. అంతకుమించి నానితే ఊపిరాడక పాడవుతాయి. లోతు మూడు నాలుగు సెంటీమీటర్లు. నారు పోసి తర్వాత మార్చే పని పెట్టుకోకు, వేరు కదిలితే కోలుకోవడానికే వారం పోతుంది. నాటిన రోజు తడిపి, మొలక పైకి వచ్చేదాకా మట్టి చెమ్మగా ఉంటే చాలు. చిక్కుడు మొలకలాగా పప్పుబద్దలు పైకి రావు, మట్టిలోనే ఉండిపోయి చిగురు మాత్రమే వస్తుంది. పావురం ఆ చిగురు కొరికేసినా పీకేయకు. గింజ దగ్గర కణుపు నుంచి ఇంకోటి లేస్తుంది. అయినా మొదటి రెండు వారాలు వల కప్పడం మంచిది.

జానెడు ఎత్తుకే ఆసరా ఇవ్వాలి. చాలామంది లావు వెదురు కర్రలు పాతుతారు, వాటివల్ల లాభం లేదు. ఆకు చివరి నులితీగ దారంలాంటిది. సన్నటి దానికైతే రెండు మూడు చుట్లు చుట్టుకుని బిగుస్తుంది, బొటనవేలంత లావు కర్రని పట్టలేక జారిపోతుంది. మన కందికట్టె, పత్తికట్టె కొమ్మలతో సహా గుచ్చితే అంతకన్నా మంచిది లేదు. లేదంటే జనపనార తాడు అడ్డంగా కట్టు. ఆర్కెల్‌కి రెండు రెండున్నర అడుగుల ఎత్తు చాలు.

నాలుగైదు వారాలప్పుడు ఒక మొక్కని పెకలించి వేళ్లు కడిగి చూడు. వేరు పక్కన అంటుకున్నట్టుండి గోటితో రాల్చేస్తే రాలేవి మంచి బుడిపెలు. ఒకటి చిదిమి చూడు, లోపల గులాబీ రంగుంటే పని చేస్తున్నట్టు. తెల్లగానో పచ్చగానో ఉంటే పని చేయట్లేదు, అప్పుడు పలచటి వర్మీకంపోస్టు నీళ్లు పోయి. రాలకుండా వేరే ఉబ్బి ముడులు పడి ఉంటే అవి నులిపురుగులవి. ఆ మట్టిలో వచ్చే ఏడాది బఠానీ వేయకు.

నీళ్లు పొద్దున్నే పోయి. పూత వచ్చినప్పుడు, కాయలో గింజ ఊరేటప్పుడు బెట్ట తగలకూడదు. ఆ రెండు సమయాలు తప్పితే పైమట్టి అంగుళం ఆరాకే పోయాలి. అడుగు ఆకులు పసుపెక్కి మొదలు నల్లబడితే నీళ్లెక్కువై వేరు కుళ్లుతున్నట్టే.

పేనుబంక చిగుళ్లకి పడితే గట్టిగా నీళ్లు కొట్టి, లీటరుకి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త కుంకుడు రసం కలిపి సాయంత్రం చల్లు. ఆకు మీద తెల్లటి వంకర గీతలు కనిపిస్తే ఆ ఆకులు తుంచేయి. బూడిద తెగులే అసలు శత్రువు. పొడి పగళ్లు, చల్లటి రాత్రులు దానికి బాగా సరిపడతాయి. మొదటి తెల్ల మచ్చ కనిపించగానే నీళ్లలో కరిగే గంధకం లీటరుకి మూడు గ్రాములు పిచికారీ చేయాలి. ఎండెక్కాక చల్లితే ఆకు మాడుతుంది. గంధకం, వేపనూనె మాత్రం రెండు వారాల తేడా లేకుండా ఒకదాని వెంట ఒకటి వాడకు. కోతకి ముందు ఎన్ని రోజులు ఆగాలో ప్యాకెట్ మీద ఉంటుంది, అది చూసుకో.

పువ్వు విచ్చుకున్న మూడు వారాలకి కాయ సిద్ధమవుతుంది. కాయ నిండి, గింజల గుండ్రదనం పైకి తెలుస్తూ, రంగు ఇంకా నిగనిగలాడుతున్నప్పుడు కోయి. రంగు మాసి, తోలు మీద వలలాంటి ఈనెలు తేలితే ఆలస్యమైనట్టు. అనుమానంగా ఉంటే ఒక కాయ ఒలిచి పచ్చి గింజ నములు, పిండి తగిలితే రెండు రోజులు ముందే కోయాల్సింది. కింది కాయలే ముందు ముదురుతాయి. ఒక చేత్తో తీగ పట్టుకుని రెండో చేత్తో కాయ తుంచు, ఊరికే లాగితే కాండం విరుగుతుంది. మూడు రోజులకోసారి వెతికి కోయాలి. ఒక్క కాయ ముదిరిపోయినా మొక్క తన పని అయిపోయిందనుకుని పూత తగ్గించేస్తుంది. కోసిన గంటనుంచే తీపి తగ్గుతూ వస్తుంది, ఆ పూటే వండుకోండి. మిగిలితే మరుగుతున్న నీళ్లలో రెండు నిమిషాలు వేసి, చన్నీళ్లలోకి తీసి, తడి ఆర్చి ఫ్రీజర్‌లో పెట్టు.

విత్తనానికి నాలుగు మంచి మొక్కల్ని కోయకుండా వదిలేయి. బఠానీ పువ్వు విచ్చుకోకముందే తనలో తాను పరాగం కలుపుకుంటుంది, రకం చెడదు. కాయ ఎండి గలగలమన్నాక ఒలిచి, వారం నీడలో ఆరబెట్టి, బాగా ఎండిన గింజల్ని గాలి చొరని డబ్బాలో పోసి వారం ఫ్రీజర్‌లో ఉంచితే పుచ్చు పురుగు గుడ్లు చస్తాయి. మిగతా మొక్కల్ని పీకకుండా మొదలు దగ్గర కోసేసి, వేళ్లు మట్టిలోనే ఉంచు. పై పచ్చ రొట్ట కంపోస్టులో వేసి, ఆ మట్టిలో ఫిబ్రవరిలో తోటకూర చల్లుకో.

ఇట్లు
మీ పెద్దమ్మ