రోజూ జిమ్‌కు వెళ్తున్నా కండ పెరగదేం?

ప్రశ్న: నా వయసు 24, బరువు 60 కిలోలు. నాలుగు నెలలుగా వారానికి ఆరు రోజులు జిమ్‌కు వెళ్తున్నాను. ఛాతీ, చేతుల వ్యాయామాలు రోజూ చేస్తాను. బెంచ్ ప్రెస్‌లో (బల్లమీద వెల్లకిలా పడుకుని ఛాతీ మీదుగా బరువెత్తడం) 50 కిలోలు ఎనిమిదిసార్లు ఎత్తేవాణ్ణి, ఇప్పుడు ఆరుసార్లకే చేతులు వణుకుతున్నాయి. నిద్ర అయిదు గంటలు. ఇంకా ఎక్కువ చేయాలా?

జవాబు: వద్దండీ, తగ్గించాలి. అదే బరువు వారాల తరబడి తక్కువసార్లు లేస్తోందంటే, కండరం కోలుకోకముందే దానిమీద మళ్లీ భారం పడుతోందన్నమాట. బరువులెత్తిన తర్వాత 24 నుంచి 48 గంటల దాకా కండరంలో కొత్త ప్రొటీన్ తయారీ జోరుగా సాగుతుంది. మీరు ఆ పనిని రోజూ మధ్యలోనే చెడగొడుతున్నారు.

ముందుగా ఒక వారం తేలిగ్గా చేయండి: వ్యాయామాలు అవే, సెట్లు (ఆగకుండా వరుసగా చేసే విడతలు) సగం, బరువు మూడో వంతు తక్కువ. తర్వాత నాలుగు రోజుల పద్ధతికి మారండి. సోమ, గురువారాలు నడుము పైభాగానికి. మంగళ, శుక్రవారాలు కాళ్లకు. ఛాతీకి వారం మొత్తానికి పది సెట్లు చాలు, రెండు రోజులకు పంచుకోండి. చాలామంది ఇక్కడే పొరబడతారు: బెంచ్ ప్రెస్‌లో ట్రైసెప్స్ (పై చేయి వెనక కండరం), భుజాలు కూడా కష్టపడతాయి. మర్నాడే చేతుల వ్యాయామం పెట్టుకుంటే వాటికి విశ్రాంతి లేనట్టే.

సెట్‌కీ సెట్‌కీ మధ్య కూడా తొందర వద్దు. బెంచ్ ప్రెస్, స్క్వాట్ వంటివాటికి రెండు మూడు నిమిషాలు ఆగండి. కండరానికి తక్షణ శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్ తిరిగి నిండడానికి ఆ పాటి సమయం పడుతుంది.

అన్నిటికంటే నాకు దిగులు కలిగించింది మీ నిద్ర. ఏడు గంటలకు తగ్గకూడదు. గ్రోత్ హార్మోన్ ఎక్కువగా విడుదలయ్యేది గాఢనిద్రలోనే. పడుకోవడానికి ఆరు గంటల ముందే కాఫీ ఆపేయండి. ప్రొటీన్ కిలో శరీర బరువుకు 1.6 గ్రాముల లెక్కన మీకు రోజుకు దాదాపు 96 గ్రాములు కావాలి. మూడు నాలుగు పూటలుగా తీసుకోండి.

ప్రశ్న: ఒళ్లు నొప్పులున్న రోజు వ్యాయామం చేయవచ్చా?

జవాబు: మర్నాడు మొదలై రెండు మూడు రోజుల్లో తగ్గే సలుపు మామూలే. వార్మప్‌తో పట్టు వదిలితే తేలికపాటి బరువులతో చేయండి. కీలులో పోటు వస్తే ఆపేయండి. కండరం బాగా వాచి, మూత్రం ముదురు గోధుమరంగులో వస్తే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. దెబ్బతిన్న కండరం నుంచి రక్తంలోకి చేరే పదార్థాలు కిడ్నీలను పాడుచేస్తాయి.